మొదటి స్టాప్‌లో బస్సెక్కే పిల్లల నిద్ర గురించి, బడి వేళలు నిర్ణయించే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

బడి గంట ఎప్పుడు కొట్టాలో, బస్సు ఎప్పుడు కదలాలో నిర్ణయించే మీ అందరికీ నమస్కారం.

మీలో విద్యాశాఖ అధికారులున్నారు, హెడ్మాస్టర్లున్నారు, బడి కమిటీల్లో కూర్చునే తల్లిదండ్రులున్నారు, బస్సుల రూట్లు గీసేవాళ్లున్నారు. అందరికీ కలిపి ఒకే ఉత్తరం ఎందుకంటే, విడివిడిగా అడిగినప్పుడల్లా ఒకరు ఇంకొకరి మీదికి నెట్టారు. బడివాళ్లనడిగితే బస్సు టైమ్ మా చేతుల్లో లేదన్నారు. బస్సువాళ్లనడిగితే బడి గంటను బట్టే కదా నడిపేది అన్నారు. ఇంట్లోవాళ్లనడిగితే, ఆ ఫోన్ లాక్కుంటే అన్నీ సర్దుకుంటాయి టీచర్ అన్నారు. సరే, ఇక అందరూ ఒకేచోట చదవండి.

నేను చుట్టుపక్కల పల్లెల పిల్లలు వచ్చే హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చాలా ఏళ్లుగా ఫస్ట్ పీరియడ్ నాదే. పొద్దున్నే పిల్లల బుర్రలు చురుగ్గా ఉంటాయి కాబట్టి లెక్కలు ముందు పెట్టాలని ఎవరో ఎప్పుడో అన్నారట, అదే నడుస్తోంది. ఆ అన్నాయన ఒక్కసారి నా క్లాసుకి వచ్చి చూస్తే బాగుండేది. నలభై మందిలో పదిమంది చేత్తో గడ్డం ఆనించుకుని ఉంటారు, ఇంకొందరు కళ్లు తెరిచే ఉంటారు గానీ మనుషులు అక్కడుండరు. ఒకడు కునికిపాట్లు పడుతుంటే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు, కాసేపటికి ఆ పొడిచినవాడే తూగుతుంటాడు.

అలా తూగేవాడొకణ్ని ఒకరోజు నిలబెట్టాను. తొమ్మిదో తరగతి పిల్లాడు. అందరి ముందూ, కాస్త వెటకారంగానే, "రాత్రంతా దొంగల్ని కాపలా కాశావురా?" అన్నాను. క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు. "నిద్రపోలేదు టీచర్, కళ్లు మూసుకున్నానంతే" అన్నాడు. నేను బోర్డు వైపు తిరిగి రెండు లైన్లు రాసి వెనక్కి చూసేసరికి వాడు నిలబడే, బెంచీ అంచు పట్టుకుని, నిద్రపోతున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లలో నిలబడి నిద్రపోయిన పిల్లాణ్ని చూడటం నాకదే మొదటిసారి. ఆ వెటకారం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆ వారంలోనే ఒకరోజు వాళ్ల ఊరు వెళ్లి, ముందురాత్రి తెలిసినవాళ్లింట్లో పడుకుని, పొద్దున వాడితోపాటు అదే బస్సెక్కాను. వాళ్ల ఊరు రూట్లో ఆఖరిది. అంటే పొద్దునపూట మొదటి స్టాప్. 6.20కి బస్సు. దానికోసం వాడు 5కి లేస్తాడు, పశువుల దగ్గర కాస్త పని చేసి, స్నానం చేసి, ఏదో రెండు ముద్దలు మింగి పరిగెత్తుతాడు. బస్సు ప్రతి ఊరి మలుపులోనూ ఆగుతూ, ఒకచోట లోపలి ఊరికి వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి, బడి చేరేసరికి 7.40. గంట 8కి. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక అదే బస్సు, అదే దారి, వాడు ఇల్లు చేరేది 6 దాటాక. గమనించండి, పొద్దున అందరికంటే ముందు ఎక్కేవాడే సాయంత్రం అందరికంటే ఆఖరున దిగుతాడు. రెండు వైపులా దెబ్బ వాడికే. దిగాక ఇంట్లో పని, తిండి, హోంవర్క్. అన్నీ అయ్యేసరికి 10 అవుతుంది, కన్ను మూతపడేసరికి 11. మళ్లీ 5కి లేవాలి. ఆరు గంటలు.

బడి పక్క వీధిలో ఉండే పిల్ల 7కి లేచి, జడ వేయించుకుని, గంట వినిపించాక నడిచి వస్తుంది. ఆ పిల్లకీ వీడికీ టైమ్‌టేబుల్ ఒక్కటే, పరీక్ష పేపరూ ఒక్కటే. నిద్రలో మాత్రం రోజుకి రెండు గంటల తేడా.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలో నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. ఈ సంఖ్య మీరూ ఎక్కడో చదివే ఉంటారు. చదివి, "అయితే త్వరగా పడుకోమనండి" అని ఉంటారు. నేనూ అదే అనేదాన్ని. 5కి లేచేవాడు 8 గంటలు పడుకోవాలంటే రాత్రి 9కల్లా నిద్రలో ఉండాలి. పనులన్నీ పక్కన పెట్టి, దీపం ఆర్పి, 9కి పడుకోబెట్టామే అనుకోండి, వాడికి నిద్ర రాదు. మొండితనం వల్ల కాదు. ఒళ్లే ఒప్పుకోదు.

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, అసలు గొడవంతా ఇక్కడే ఉంది. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరడం మొదలవుతుంది, ఒంటికి "ఇక రాత్రి" అని చెప్పేది అదే. చిన్నపిల్లల్లో అది త్వరగా మొదలవుతుంది, అందుకే ఏడేళ్ల పిల్లలు కబుర్లు చెబుతూ చెబుతూనే పడిపోతారు. యుక్తవయసు రాగానే ఒంట్లోని ఆ గడియారం వెనక్కి జరుగుతుంది, అంటే నిద్ర వచ్చే వేళ ఆలస్యమవుతుంది, గంట, రెండు గంటలు కూడా. దీనికి తోడు ఇంకోటి. మెలకువగా ఉన్నకొద్దీ నిద్ర ఒత్తిడి మనలో పేరుకుంటూ పోతుంది, సాయంత్రానికి కళ్లు బరువెక్కడం దానివల్లే. ఈ పేరుకోవడం కూడా టీనేజీ పిల్లల్లో చిన్నపిల్లల కంటే నెమ్మదిగా జరుగుతుంది. గడియారమూ ఒత్తిడీ కలిసి నిద్రను నడుపుతాయని అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త 1982లోనే సూత్రీకరించాడు. ఇప్పుడు మన పిల్లాడి సంగతి చూడండి. రాత్రి 9కి వాడి గడియారం ఇంకా సాయంత్రం అంటోంది. పొద్దున 5కి ఇంకా రాత్రే అంటోంది. ఆ టైమ్‌లో మనం వాడి దుప్పటి లాగి బద్ధకస్తుడా అంటున్నాం.

ఇదంతా ఫోన్లొచ్చాక వచ్చిన జబ్బు కాదా అని మీరు అడుగుతారు, నాకు తెలుసు. మేరీ కార్స్‌కడన్ అనే పరిశోధకురాలు 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వేసవి నిద్ర శిబిరం మొదలుపెట్టింది. పిల్లల్ని ఏటా పిలిచి, రాత్రి 10 గంటల పాటు పడుకునే వీలిచ్చి, ఎంతసేపు నిద్రపోతున్నారో కొలిచింది. పెద్దయ్యేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందనుకున్నారు మొదట. తగ్గలేదు. పదేళ్లవాళ్లూ, పదిహేనేళ్లవాళ్లూ తొమ్మిది గంటలకు పైనే నిద్రపోయారు. పైగా అంతే నిద్రపోయినా పెద్ద పిల్లలే పగలు ఎక్కువ మత్తుగా కనిపించారు. 1976లో ఏ పిల్లాడి దిండు కింద ఏ ఫోనుంది చెప్పండి.

ఆవిడే 1998లో ఇంకో సంగతి బయటపెట్టింది. తొమ్మిదో తరగతి నుంచి పదో తరగతికి మారేటప్పుడు బడి టైమ్ 8.25 నుంచి 7.20కి మారిన పిల్లల్ని గమనించింది. త్వరగా లేవాలి కాబట్టి త్వరగా పడుకుంటారేమో అనుకుంటాం కదా, పడుకోలేదు. పొద్దున 8.30 ప్రాంతంలో చీకటి గదిలో పడుకోబెట్టి చూస్తే దాదాపు సగం మంది నిమిషాల్లో నిద్రలోకి జారి, నేరుగా కలల నిద్రలోకి వెళ్లిపోయారు. మామూలుగా అది నార్కోలెప్సీ అనే నిద్రజబ్బు ఉన్నవాళ్లలో కనిపించే లక్షణం. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గంట ముందు లేపి, చూడ్డానికి రోగుల్లా తయారుచేశామన్నమాట. అది చదివాక నిలబడి నిద్రపోయిన మా పిల్లాడు గుర్తొచ్చాడు.

కలల నిద్ర ఎక్కువగా వచ్చేది రాత్రి చివరి భాగంలో, తెల్లవారుజామున. ముందురాత్రి గాఢనిద్ర, తెల్లవారుజామున కలల నిద్ర, స్థూలంగా అదీ వరస. 7కి లేవాల్సిన శరీరాన్ని 5కి లేపితే పోయేది లెక్కకి రెండు గంటలే గానీ, కలల నిద్రలో మాత్రం పెద్ద వాటాయే పోతుంది. చదివింది బుర్రలో కుదురుకోవడానికి, మనసు నిలకడగా ఉండటానికి ఈ రెండు రకాల నిద్రా కావాలి. పరీక్షల ముందు తెల్లవారుజామున లేపి చదివించే మనందరం, చదివించింది నిలబెట్టే నిద్రనే కోసేసి చదివిస్తున్నాం. నేనూ చేశాను ఆ పని, మా ఇంట్లో పిల్లలకి.

ఇక పల్లె సంగతి. పట్నంలో ఉండేవాళ్లకి ఒక భ్రమ ఉంటుంది, పల్లెల్లో అందరూ పొద్దుగూకగానే పడుకుని కోడి కూయగానే లేస్తారని. అదొకప్పుడు కొంతవరకు నిజమే కావచ్చు. అర్జెంటీనాలోని చాకో ప్రాంతంలో తోబా ప్రజల రెండు ఊళ్లని పోల్చి చూశారు, ఒకదానికి కరెంటుంది, ఇంకోదానికి లేదు. మనుషులు ఒకటే, బతుకు తీరూ దాదాపు ఒకటే. కరెంటున్న ఊళ్లో నిద్ర వేసవిలో ఇంచుమించు ముప్పావుగంట, చలికాలంలో దాదాపు గంట తక్కువ. 2015లో వచ్చింది ఈ అధ్యయనం. బ్రెజిల్‌లో ఇంట్లో కరెంటు దీపం లేని కౌమార వయసు పిల్లలు, దీపం ఉన్నవాళ్ల కంటే త్వరగా పడుకుంటున్నారని 2009లోనే తేలింది. ఫోనూ టీవీ దాకా వెళ్లక్కర్లేదు, ఒక్క బల్బు చాలు ఆ గడియారాన్ని జరపడానికి. అలాగని బల్బు పీకేయమంటానా? నేను చెప్పేది, పల్లె రాత్రి ఇప్పుడు పట్నం రాత్రిలాగే అయిపోయింది, పల్లె పొద్దు మాత్రం అలాగే ఉంది. పశువులు 5కే అరుస్తాయి. పాలు పితకడం 8.30కి వాయిదా వేస్తానంటే ఏ ఆవూ ఒప్పుకోదు. పట్నం పిల్లాడికి సాయంత్రమే బరువు, పల్లె పిల్లాడికి అటూ ఇటూ రెండువైపులా బరువు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలా. అన్న 5కి లేస్తే చెల్లి 4.30కి లేచే ఇళ్లు నాకు తెలుసు. వాకిలి, అంట్లు, తమ్ముడి స్నానం, ఆ తర్వాతే తన పుస్తకాల సంచి. రాత్రి కూడా వంటిల్లు సర్దాకే పడక. వీళ్లు క్లాసులో తూగరు, అది గమనించాను. తూగితే మగపిల్లల విషయంలోలా నవ్వి ఊరుకోరు కదా జనం, అందుకని బిగబట్టుకుని కూర్చుంటారు. తలనొప్పి అని వచ్చి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడతారు. మాత్ర ఇచ్చి పంపించేస్తాం.

ఫోన్ గురించి దాటేయను, ఎందుకంటే ఫోన్ తప్పు లేదని నేను అనడం లేదు. కళ్లముందు వెలుతురు మెలటోనిన్‌ని ఆపుతుంది, అంతకంటే ఎక్కువగా ఆ వీడియోలు, ఆ మెసేజీలు మనసుని పడుకోనివ్వవు. కానీ పల్లె ఇంట్లో ఫోన్ ఎలా ఉంటుందో కూడా చూడండి. చాలా ఇళ్లలో ఇంటికంతా ఒకటే ఫోన్. పగలంతా తండ్రి జేబులో ఉంటుంది, సాయంత్రం తల్లి చేతిలో. పిల్లాడి వంతు వచ్చేది వాళ్లు పడుకున్నాక. నెట్ కూడా అందరూ పడుకున్నాకే కాస్త కదులుతుంది, అదీ సిగ్నల్ అందే ఏ మేడమెట్ల మీదో కూర్చుంటే. రోజంతా ఎవరో ఒకరు చెప్పింది చేసిన పిల్లాడికి తనదంటూ మిగిలేది ఆ ఒక్క ముప్పావుగంటే. దాన్నీ లాక్కుంటే నిద్రపోతాడా, లేక కోపంతో పైకప్పు చూస్తూ పడుకుంటాడా?

ఇంకోటి, ఇది మా టీచర్లకి. రాత్రి 10కి క్లాసు గ్రూపులో హోంవర్క్ ఫోటో పెట్టేది ఎవరు? మనమే. "రేపు తప్పకుండా చూపించాలి" అని కింద రాసేదీ మనమే. మళ్లీ పొద్దున స్టేజీ మీద ఫోన్ వాడకం గురించి ఉపన్యాసం ఇచ్చేదీ మనమే. నేను గత ఏడాది నుంచి సాయంత్రం 7 తర్వాత గ్రూపులో ఏదీ పెట్టడం మానేశాను. ఆకాశమేమీ విరిగిపడలేదు. పొరపాటున మర్చిపోయిన రోజు ఆ హోంవర్క్ మర్నాడు క్లాసులోనే చేయించాను, అంతే.

సెలవురోజు మధ్యాహ్నం దాకా పడుకుంటారని తల్లిదండ్రులు నా దగ్గర వాపోతుంటారు. కుంభకర్ణుడు పుట్టాడండీ మా ఇంట్లో అంటారు. వారమంతా రోజుకి రెండు గంటలు అప్పు పడ్డవాడు ఆదివారం తీర్చుకుంటున్నాడు, అది తిండిపోతుతనం లాంటిది కాదు, పస్తున్నవాడి ఆకలి. కాకపోతే ఇందులో ఒక చిక్కుంది. ఆదివారం 12కి లేస్తే ఆ రాత్రి 1 దాకా నిద్ర రాదు, సోమవారం మళ్లీ 5కే లేవాలి. టిల్ రోనెబెర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. విమానమెక్కకుండానే ప్రతి వారాంతం వేరే దేశం వెళ్లొచ్చినట్టు. సోమవారం ఫస్ట్ పీరియడ్ నాకెందుకు భయమో అర్థమైందనుకుంటాను. కాబట్టి సెలవు రోజు ఓ గంట, గంటన్నర ఎక్కువ పడుకోనిచ్చి, ఆ తర్వాత ఎండలోకి పంపించండి. పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే రాత్రి త్వరగా నిద్ర వస్తుంది. అమెరికాలోని కొలరాడో పరిశోధకులు కొద్దిమందిని వారంపాటు కొండల్లో గుడారాల్లో ఉంచితే, కరెంటు దీపం లేకుండా, ఎండా నెగడి వెలుగూ తప్ప మరోటి లేకుండా, వాళ్ల ఒంటి గడియారం సుమారు రెండు గంటలు ముందుకొచ్చింది. 2013 నాటి మాట. పల్లె పిల్లలకి ఎండ కొదవ లేదు, అది ఒక్కటే మనకి కలిసొచ్చే సంగతి.

భయపెట్టడం ఇష్టం లేదు గానీ ఇదొక్కటి చెప్పక తప్పదు. 17 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి చేతులూ కళ్లూ, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చేతుల్లాగా, కళ్లలాగా పనిచేస్తాయని ఆస్ట్రేలియాలో 1997లో కొలిచి చెప్పారు. చాలా దేశాల్లో ఆ మోతాదు మీద బండి నడిపితే పోలీసులు పట్టుకుంటారు. పొద్దున 5కి లేచిన పిల్లాడు, పొలానికి నీటి వంతు రాత్రిపూట వచ్చిందని, 10కి బండి వేసుకుని చీకటి దారిలో వెళ్తుంటే వాడికి సరిగ్గా 17 గంటలు నిండాయి. చుక్క తాగకుండానే. మా పాత విద్యార్థి ఒకడు అలాగే వెళ్తూ మలుపు దగ్గర కాలువలోకి దిగాడు. బతికాడు, చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు. అడిగితే "ఎలా జరిగిందో తెలీదు టీచర్" అంటాడు. నిజంగానే తెలిసుండదు.

మరి ఏం చేయాలి అంటే, ప్రపంచంలో ఇప్పటికే చేసిచూసినవాళ్లున్నారు. హైస్కూళ్లు 8.30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో చెప్పింది. సియాటిల్ నగరం 2016లో హైస్కూళ్లని 7.50 నుంచి 8.45కి జరిపింది. ఆలస్యంగా మొదలైతే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారు, అంతే కదా అని అక్కడా అన్నారు. మణికట్టుకి పరికరాలు కట్టి కొలిస్తే రోజుకి 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోతున్నారని తేలింది. కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసింది, 2019లో సంతకమై, 2022 జూలై నుంచి అమలైంది, హైస్కూళ్లు 8.30 కంటే ముందు మొదలుకాకూడదు అని.

ఆ చట్టం చదువుతూ నేను చాలా సంతోషపడ్డాను, ఒక వాక్యం దగ్గరికి వచ్చేదాకా. గ్రామీణ ప్రాంతపు స్కూల్ డిస్ట్రిక్టులకి ఇది వర్తించదు అని ఉంది అందులో. కారణాలుంటాయి, దూరాలు, బస్సులు, అన్నీ. కానీ ఎవరి బస్సు ప్రయాణం అందరికంటే పొడుగో, ఎవరు పనిచేసి మరీ బడికొస్తారో, వాళ్లనే గీత అవతల పెట్టేసింది చట్టం. ఇది అక్కడెక్కడో దూరపు సంగతి అని వదిలేయకండి. ఎక్కడైనా ఇదే తంతు. పల్లె అనగానే "అక్కడ కుదరదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

కుదరకపోవడానికి నిజమైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి, ఒప్పుకుంటాను. బడి గంట వెనక్కి జరిగితే సాయంత్రం వదలడమూ జరుగుతుంది, చలికాలంలో చివరి ఊరి పిల్లలు చీకట్లో దిగాలి, పొలం పనికి వెలుతురు ఉండగా ఇంటికి రావాలనే తల్లిదండ్రుల మాటలో న్యాయముంది. దూరం నుంచి వచ్చే టీచర్లూ త్వరగా ఇల్లు చేరాలనుకుంటారు, అందులో నేనూ ఉన్నాను, దాచేదేముంది. కాబట్టి 8.30 అని పట్టుబట్టను. నేను అడిగేది అంతకంటే చిన్నది, దానికి చట్టం కూడా అక్కర్లేదు. టైమ్ లెక్కపెట్టడం బడి గంట దగ్గర కాకుండా మొదటి స్టాప్ దగ్గర మొదలుపెట్టండి. ఫలానా ఊళ్లో ఫలానా పిల్లాడు ఎన్నింటికి లేవాల్సి వస్తోంది అన్న ఒక్క కాలమ్ మీ టైమ్‌టేబుల్ కాగితంలో చేర్చండి. ఆ అంకె 6 కంటే తక్కువుంటే ఎక్కడో ఏదో మార్చాలి.

ఏం మార్చాలో అక్కడి మనుషులకే బాగా తెలుస్తుంది, అయినా నాకు తట్టినవి చెబుతాను. ఒక పొడుగు రూటుని రెండు పొట్టి రూట్లుగా విడగొట్టొచ్చేమో చూడండి, రెండో బస్సు ఖర్చు ఉంటుంది నిజమే. అది కుదరకపోతే, రూటు గుండ్రంగా తిరిగేదైతే సాయంత్రం కూడా బస్సుని అదే దిక్కుగా తిప్పండి, పొద్దున మొదట ఎక్కినవాడు సాయంత్రం మొదట దిగుతాడు, పైసా ఖర్చు లేదు. చిన్న తరగతులూ పెద్ద తరగతులూ ఒకే ప్రాంగణంలో ఉండి, బస్సు రెండు ట్రిప్పులు వేస్తుంటే చిన్నపిల్లల్ని ముందు ట్రిప్పులో తీసుకురండి, వాళ్లు ఎలాగూ పెందలాడే లేచి ఇల్లు పీకి పందిరేస్తుంటారు. సియాటిల్లోనూ చాలా చిన్న బడుల వేళలు అలాగే ముందుకు తెచ్చారు. బడి గంటకి ముందు పెట్టే స్పెషల్ క్లాసుని మాత్రం దయచేసి ఎత్తేయండి, దానివల్ల ఒక్క పిల్లాడు బాగుపడటం నేను చూడలేదు. ఫస్ట్ పీరియడ్లో పరీక్షలు వద్దు. లెక్కలూ వద్దు, నా పీరియడ్ మూడో గంటకి మార్చండి, మొదటి గంటలో ఆటలో, తోటపనో, ఎండ తగిలేది ఏదైనా పెట్టండి. మధ్యాహ్నం ఓ ఇరవై నిమిషాలు తలవాల్చుకునే వీలివ్వండి, అంతకంటే ఎక్కువొద్దు, రాత్రి నిద్ర చెడుతుంది. సాయంత్రం దాటాక కాఫీ, ఎనర్జీ డ్రింకులు తాగి చదివే అలవాటు పిల్లల్లో మొదలైంది, ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుందని తల్లిదండ్రుల మీటింగులో ఎవరైనా చెప్పండి.

"మేం తెల్లవారుజామున లేచి, గుడ్డిదీపం కింద చదువుకుని పైకి రాలేదా?" అని కిందటిసారి మీటింగులో ఒక పెద్దాయన అన్నారు. వచ్చారు సార్, కాదనను. కానీ మీతోపాటు అదే దీపం కింద కూర్చున్నవాళ్లలో ఎంతమంది మధ్యలో బడి మానేశారో కూడా చెప్పండి. వాళ్లు ఆ మీటింగుకి రాలేదు కదా మరి. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. పల్లె పిల్లాడు చాప మీదైనా, బస్సు కిటికీకి తలానించైనా నిద్రపోతాడు. దుప్పటీ, మెత్తటి పరుపూ అడగడం లేదు వాడు. అడిగేది టైమ్.

నన్ను నమ్మమని కూడా అనను. ఏ రోజైనా సరే, ముందు చెప్పకుండా రండి, ఆ ఊళ్లో మొదటి స్టాప్ దగ్గర నిలబడండి. చలికాలం వస్తే ఇంకా మంచిది. బస్సు 6.20కి అని రాసి ఉంటుంది గానీ ఒక్కోసారి అయిదు నిమిషాలు ముందే వచ్చేస్తుంది, అందుకని 6.10కల్లా అక్కడుండండి. కిటికీ పక్క సీట్లు మాత్రం ఖాళీ ఉండవు. పిల్లలు తలానించుకోవడానికి వాటినే ముందు పట్టేసుకుంటారు.

ఇట్లు,
ఫస్ట్ పీరియడ్ లెక్కల టీచర్